లాడ్జిలో చేరాలంటే

సంక్రాంతికి అద్దంకి వెళ్ళినప్పుడు మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, డాబా మీదికి పిలిచి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, లాడ్జిలో మెంబర్‌షిప్ కావాలంటే ఎట్టా?"

అక్కడే కందులు ఎండబోస్తున్న మా బాబాయి చెవిన ఆ మాట పడనే పడింది. పక్కున నవ్వాడు. "లాడ్జిలో రూము తీసుకుంటారు గానీ మెంబర్‌షిప్ ఏందిరా?"

మా ఊళ్ళో లాడ్జి అంటే అదే మరి. బస్టాండు చుట్టుపక్కల ఉండేది, రాత్రి బస్సు తప్పిపోయినవాళ్ళు పడుకునేది. మావాడు అడిగింది దాని గురించి కాదు. ఫోన్ తీసి చూపించాడు. త్రికోణంలో కన్ను, కింద 'ఇల్యుమినాటి', ఆ కింద మేసన్ల మూలమట్టం, వృత్తలేఖిని బొమ్మ. చేరితే డబ్బు, పరపతి, రక్షణ అన్నీ వస్తాయట. రిజిస్ట్రేషన్ పేరిట నాలుగున్నర వేలు అప్పటికే కట్టేశాడు. ఇప్పుడు ఉంగరానికి, అంగీకి ఇంకో పద్దెనిమిది వేలు కట్టమంటున్నారు. కట్టే ముందు అన్నని ఒక మాట అడుగుదామనుకున్నాడు. ఆ మాత్రం బుద్ధి పుట్టినందుకు సంతోషించి, ముందు సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయించాను. పోయిన నాలుగున్నర వేల సంగతి అట్లా ఉంచితే, వాడి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నిజంగా ఒక కొత్తవాడు ఫ్రీమేసన్ లాడ్జిలో చేరాలంటే ఏం చెయ్యాలి? మనవాళ్ళు ఎట్లా చేరారు? ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేశారు?

ముందు ఆ కన్ను సంగతి తేల్చేద్దాం. ఇల్యుమినాటి అనే సంఘం ఒకప్పుడు నిజంగానే ఉంది. 1776 మే 1న బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌లో ఆడమ్ వైస్‌హాప్ట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు పెట్టాడు. పదేళ్ళయినా నిలవలేదు. 1784, 1785 సంవత్సరాల్లో బవేరియా పాలకుడు రహస్య సంఘాల్ని వరసగా నిషేధించడంతో చెదిరిపోయింది. రెండువందల ముప్ఫై ఏళ్ళకి పైగా లేని సంఘంలో చేరడానికి మావాడు ఫోన్‌లో డబ్బు పంపించాడన్నమాట.

ఫ్రీమేసన్ల లాడ్జి మాత్రం ఇప్పటికీ ఉంది. మధ్యయుగాల ఐరోపాలో పెద్ద చర్చి ఒకటి కట్టాలంటే దశాబ్దాలు పట్టేది. ఆ గోడ పక్కన పనివాళ్ళు రాళ్ళు చెక్కడానికీ, పనిముట్లు దాచుకోడానికీ, కాస్త నడుం వాల్చడానికీ వేసుకున్న పాకే లాడ్జి. రాతిపనివాళ్ళు పనిని బట్టి ఊళ్ళు మారేవాళ్ళు. ఒక కొత్తవాడు వచ్చి 'నాకు పని వచ్చు' అంటే నమ్మడం ఎట్లా? స్కాట్లండులో పనివాళ్ళు దీనికోసం ఒక గుర్తుమాట పెట్టుకున్నారు. ఆ మాట తెలిస్తే పని నేర్చినవాడని లెక్క. ఇప్పటి భాషలో పాస్‌వర్డ్.

పదిహేడో శతాబ్దం వచ్చేసరికి రాయి ముట్టని పెద్దమనుషులు కూడా ఈ లాడ్జిల్లో చేరడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో పురావస్తువుల పండితుడు ఎలియాస్ ఆష్‌మోల్ 1646లో చేరినట్టు తన డైరీలోనే రాసుకున్నాడు. 1717 జూన్ 24న లండన్‌లోని నాలుగు లాడ్జిల వాళ్ళు ఒక సారాయి దుకాణంలో కలిసి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారు. అప్పటికి రాళ్ళు పోయి రాతిపని గుర్తులు మిగిలాయి: మూలమట్టం, రసమట్టం, తూకపుగుండు, నడుముకి తోలు గుడ్డ. లాడ్జికి పెద్దని మాస్టర్ అంటారు. మనం ఇంటిపనికి పిలిచే మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. రెండింటికీ వేరు ఒకటే. మావాడు మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. ఆ లెక్కన మా ఇంట్లో అసలు మేసన్ వాడే.

ఇక ఆ రహస్యాల సంగతి. లండన్‌లో శామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన లాడ్జి లోపలి తంతునంతా 1730లోనే అచ్చువేసి అమ్మేశాడు. అంటే ఆ గుట్టు బయటపడి మూడువందల ఏళ్ళు కావస్తోంది. అందులో ఒక వివరం మావాడికి చెప్పితీరాలనిపించింది. కొత్తగా చేరేవాడు లోపలికి వెళ్ళేటప్పుడు ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదు. ఉంగరం, గడియారం, చిల్లర డబ్బులు అన్నీ బయటే వదిలేయాలి. జేబులో రూపాయి కూడా లేనివాడిగా గడప దాటాలి. మావాడిని అడిగింది సరిగ్గా దీనికి తలకిందులు: ముందు డబ్బు కట్టు, తర్వాత ఉంగరం పెట్టుకో.

చేరడానికి నియమాలు 1723లోనే అచ్చయ్యాయి. జేమ్స్ ఆండర్సన్ అనే స్కాటిష్ మతగురువు వాటిని కూర్చాడు. మతం విషయంలో ఆ కాలానికి అవి చాలా ఉదారమైనవి. మనుషులందరూ ఒప్పుకునే మతం చాలు, మంచివాడూ నిజాయితీపరుడూ అయితే చాలు, మిగతా అభిప్రాయాలు ఎవరివి వాళ్ళకి వదిలేయొచ్చు అన్నాడు. ఆ పుస్తకంలోనే ఇంకోచోట తలుపు మూసేశాడు. స్త్రీలు రాకూడదు. బానిసలు రాకూడదు. వచ్చేవాడు పుట్టుకతో స్వతంత్రుడై ఉండాలి. ఆ రోజు హాజరైన సభ్యుల్లో ఒక్కరు కాదన్నా చేర్చుకోకూడదు.

ఈ చివరి నియమాన్ని గుర్తుపెట్టుకోండి. లోపల అందరూ సమానమే. రాజుగారైనా వ్యాపారైనా పక్కపక్కనే కూర్చుంటారు, ఒకరినొకరు సోదరుడా అని పిలుచుకుంటారు. అందులో అబద్ధం లేదు. ఆ సమానత్వం గుమ్మం దాటాకే మొదలవుతుంది. గుమ్మం ఎవరు దాటాలన్నది మాత్రం లోపలున్నవాళ్ళ ఇష్టం. మన దేశంలో ఫ్రీమేసన్ల చరిత్ర చాలావరకు ఆ గుమ్మం దగ్గర నడిచిన చరిత్రే.

కుంపిణీ వాళ్ళతో పాటు లాడ్జి కూడా ఓడ దిగింది. 1730 నాటికి కలకత్తాలో, 1752లో మద్రాసులో, ఆ తర్వాత బొంబాయిలో లాడ్జిలు వెలిశాయి. సభ్యులందరూ తెల్లవాళ్ళు. ఇంటికి వేల మైళ్ళ దూరంలో, రేపు ఏ జ్వరానికి పోతామో తెలియని కుర్రాళ్ళకి కొత్త ఊళ్ళో ఒక తెలిసిన గుమ్మం అది. లండన్‌లో చేరినవాడు కాగితం చూపించి మద్రాసులో అడుగుపెట్టవచ్చు.

ఆ గుమ్మం దాటిన మొదటి భారతీయుడిగా చెప్పేది ఉమ్దత్-ఉల్-ఉమ్రా పేరు. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా పెద్దకొడుకు. 1770లలో తిరుచిరాపల్లిలో చేరాడు. లండన్ గ్రాండ్ లాడ్జి సంబరపడి ఒక నడుముగుడ్డనీ, నియమాల పుస్తకాన్నీ కానుకగా పంపింది. ఆయన పారసీలో జవాబు రాశాడు. మరి ఈయనకి తలుపు అంత సులువుగా ఎట్లా తెరుచుకుంది? ఆర్కాటు నవాబు అప్పుల కథ చదివినవాళ్ళకి ఆశ్చర్యం ఉండదు. మద్రాసులో కుంపిణీ ఉద్యోగులు చాలామంది నవాబుకి వడ్డీకి డబ్బిచ్చినవాళ్ళే. వారసుడు అందరికీ తెలిసినవాడు, అందరికీ కావలసినవాడు.

ఈ కథ మాకు మరీ దూరమేం కాదు. అద్దంకి అప్పటి ఒంగోలు సీమలోది. ఒంగోలు, నెల్లూరు ఆ నవాబుల ఏలుబడిలోవే. ఉమ్దత్-ఉల్-ఉమ్రా 1795లో నవాబయ్యాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అక్కడ దొరికిన కాగితాలు చూపించి, తండ్రీ కొడుకులిద్దరూ టిప్పుతో రహస్యంగా మాటలు నడిపారని కుంపిణీ నేరం మోపింది. 1801 జూలైలో ఆయన చనిపోయాడు. షరతులకి కొడుకు ఒప్పుకోకపోతే ఇంకో బంధువుని గద్దె మీద కూర్చోబెట్టి, ఆ నెల 31న రాజ్యమంతా రాయించుకున్నారు. మా ప్రాంతం కుంపిణీ చేతిలోకి వెళ్ళింది అట్లా. లాడ్జిలో సోదరుడు అన్న పిలుపు నవాబు సింహాసనాన్ని కాపాడలేకపోయింది. ఆ పిలుపుకి విలువ లాడ్జి నాలుగు గోడల మధ్యే.

అదే దశకంలో సముద్రాలకి అవతల ఇంకో మనిషి అదే తలుపు తట్టాడు. బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి స్వతంత్రుడు. ఆ ఊరి తెల్లవాళ్ళ లాడ్జిలు రానివ్వకపోతే 1775లో బ్రిటిష్ పటాలంలోని ఒక ఐరిష్ లాడ్జిలో పద్నాలుగుమంది తోటివాళ్ళతో కలిసి చేరాడు. తమకంటూ ఒక లాడ్జి పెట్టుకోడానికి 1784లో లండన్ నుంచే అనుమతి తెచ్చుకున్నాడు. అయినా అమెరికాలోని తెల్ల లాడ్జిలు వాళ్ళని రెండువందల ఏళ్ళ దాకా సాటి మేసన్లుగా గుర్తించలేదు. పుట్టుకతో స్వతంత్రుడై ఉండాలన్న మాటలోంచి 'పుట్టుకతో' అన్నదాన్ని ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి తీసేసింది 1847లో. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయి అప్పటికి పదేళ్ళు దాటింది.

నవాబు కొడుక్కి తెరుచుకున్న తలుపు వ్యాపారి కొడుక్కి తెరుచుకుంటుందా? బొంబాయిలో మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పార్సీ పెద్దమనిషి ప్రయత్నించాడు. తర్వాతి రోజుల్లో ఆడపిల్లలకి ఇంగ్లీషు బడి పెట్టించినవాడు. సొంత ఊళ్ళో దారి దొరకలేదు. ఇంగ్లండు వెళ్ళినా పని కాలేదు. చివరికి 1842లో పారిస్‌లో చేరాడు. మేసన్ అయి తిరిగొచ్చాక కూడా బొంబాయి లాడ్జి ఆయన్ని తమలో కలుపుకోలేదు. అప్పుడు స్కాట్లండు పద్ధతిలో ఉన్న డాక్టర్ జేమ్స్ బర్న్స్, భారతీయులు కూడా చేరగల లాడ్జి ఒకటి కొత్తగా పెట్టాడు. 1843 డిసెంబరులో వచ్చిన ఆ లాడ్జి పేరు 'రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా'. ఉన్న తలుపు తెరవలేక పక్కన ఇంకో తలుపు పెట్టారు.

కలకత్తాలో కథ ఇంకా మొండిది. ప్రసన్న కుమార దత్ అనే వ్యాపారి 1863లో దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆసియావాసి ఎవరినైనా చేర్చుకోవాలంటే ముందు ప్రాంతీయ గ్రాండ్ మాస్టర్ అనుమతి ఉండాలని బెంగాల్‌లో ఒక ఉపనియమం ఉంది. ఆ అనుమతి రాలేదు. రెండు అభ్యంతరాలు చెప్పారు. మొదటిది, హిందువులకి దేవుళ్ళు చాలామంది, ఒక్క పరమాత్మ మీద ప్రమాణం ఎట్లా చేస్తారు? రెండోది, మీలో మీరే ఒకరింట్లో ఒకరు తినరు, కులం పేరుతో దూరం పాటిస్తారు, ఇక సోదరత్వం ఎట్లా కుదురుతుంది?

రెండో అభ్యంతరం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ మాట అన్నవాళ్ళు తమ క్లబ్బుల్లోకి నల్లవాణ్ణి రానివ్వనివాళ్ళు. వాళ్ళ నోటి నుంచి అది దొంగమాటే. అయినా అందులో చెప్పిన సంగతి అబద్ధం కాదు. ఆ రోజుల్లో మా అద్దంకిలో ఎవరు ఎవరి గడప దాకా రావచ్చో, ఎవరు వీధి మలుపులోనే ఆగిపోవాలో ఊరందరికీ తెలుసు. దాన్ని ఎవరూ రాసిపెట్టుకోనక్కర్లేకపోయింది. తలుపు తియ్యమని లండన్‌తో పోట్లాడినవాళ్ళు తమ ఇంటి తలుపుల సంగతి అంతగా పట్టించుకున్నారా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

దత్ వదల్లేదు. ఉత్తరాలు రాశాడు, గొడవ లండన్ దాకా వెళ్ళింది. తొమ్మిదేళ్ళ తర్వాత 1872లో కలకత్తాలోని 'యాంకర్ అండ్ హోప్' లాడ్జిలో చేరాడు. ఆయన దరఖాస్తు పెట్టిన 1863లోనే ఆ ఊళ్ళో నరేంద్రనాథ్ దత్తా అనే పిల్లవాడు పుట్టాడు. ఆ పిల్లవాడికి ఇరవై ఒకటి నిండాక, 1884 ఫిబ్రవరి 19న, అదే లాడ్జిలో చేర్చుకున్నారు. అప్పటికి వివేకానందుడు అన్న పేరు ఇంకా రాలేదు. ఒకరు తొమ్మిదేళ్ళు నిలబడితే, తర్వాత వచ్చినవాడికి వయసు నిండడం ఒక్కటే సరిపోయింది.

ఆ వయసు నియమం కూడా అందరికీ ఒకటే కాదు. 1886లో లాహోర్‌లో రడ్‌యార్డ్ కిప్లింగ్ మేసన్ అయ్యేనాటికి అతనికి ఇరవై ఏళ్ళే. లాడ్జికి ఒక కార్యదర్శి కావలసొచ్చి ప్రత్యేక అనుమతితో చేర్చుకున్నారు. కిప్లింగ్ తర్వాత ఆ లాడ్జిని ఎంతో ప్రేమగా తలుచుకున్నాడు. రకరకాల మతాలవాళ్ళు ఒకే గదిలో కూర్చోవడం అతనికి నిజంగానే అపురూపం. అపురూపమే కావచ్చు. అయినా, దత్‌కి అడ్డొచ్చిన రూలు కదలడానికి తొమ్మిదేళ్ళు పడితే, కిప్లింగ్‌కి అడ్డొచ్చిన రూలు ఒక్క కాగితంతో పక్కకి జరిగింది.

దత్ గెలిచిన ఆ 1872లోనే హైదరాబాదులో గోషామహల్ బారాదరి మేసన్ల చేతికి వచ్చింది. 1682లో తానాషా కట్టించిన భవనం అది. కుతుబ్‌షాహీల చివరి రాజు విలాసానికి కట్టుకున్న మేడ నిజాం కాలంలో లాడ్జి అయింది. ఉత్తరాదిలో మామూలు జనం మేసన్ల ఇంటిని 'జాదూఘర్' అనేవాళ్ళు. తలుపులు మూసుకుని లోపల ఏం చేస్తారో తెలియని చోటుకి ఆ పేరు సహజమే. మావాడి ఫోన్‌లో వచ్చిన త్రికోణం కన్ను కూడా ఆ జాదూఘర్ భయం మీద బతికేదే. తెలియని తలుపు వెనక శక్తి ఉందనుకోవడం మనకి పాత అలవాటు.

ఇదే కాలంలో మా తీరానికి ఇంకో రకం తలుపు పడవ మీద వచ్చింది. 1882 మే నెల ఎండల్లో మేడమ్ బ్లావట్స్కీ, కల్నల్ ఆల్కాట్ బకింగ్‌హామ్ కాలువ మీద మద్రాసు నుంచి నెల్లూరు వచ్చారు. అక్కణ్ణుంచి పెదగంజాం దాకా పడవలోనే వచ్చి, ఆపైన పల్లకీల్లో గుంటూరు చేరారు. గుంటూరులో కృష్ణా థియసాఫికల్ సొసైటీ ఏర్పడింది ఆ ప్రయాణంలోనే. పెదగంజాం మా అద్దంకికి తూర్పున సముద్రపొడ్డు ఊరు. ఆల్కాట్ స్వయంగా న్యూయార్కులో ఫ్రీమేసన్. థియసాఫికల్ సొసైటీ మొదట్లో గుర్తులూ రహస్యాలూ అన్నీ మేసన్ల నుంచే అరువు తెచ్చుకుంది. తేడా ఒక్కటే. జాతి, మతం, కులం, రంగు, ఆడ మగ తేడా లేని సోదరత్వమని తన ఆశయాల్లో మొదటిదిగా రాసుకుంది. కలకత్తాలో తొమ్మిదేళ్ళు ఆగిన మనిషికి, ఎవరైనా రావచ్చని వీళ్ళ ఊళ్ళోకే వచ్చి చెప్పడానికి మధ్య గడిచింది పదేళ్ళు. గుంటూరు, నెల్లూరు చదువుకున్నవాళ్ళు లాడ్జి కంటే దీనివైపే ముందు ఎందుకు నడిచారో ఊహించడం కష్టం కాదు.

తర్వాత సొసైటీకి అధ్యక్షురాలైన అనీ బిసెంట్ 1902లో పారిస్‌లో మేసన్ అయింది. ఆమె చేరింది స్త్రీ పురుషులిద్దరినీ తీసుకునే 'ల ద్రువా యుమేన్' అనే శాఖలో. పాత లాడ్జిలు దాన్ని ఒప్పుకోలేదు, ఇప్పటికీ స్త్రీలని చేర్చుకోవు. ఆమె మాత్రం ఆ శాఖని మన దేశానికి తెచ్చింది. మానెక్‌జీకి పారిస్, బిసెంట్‌కీ పారిస్! ఒకచోట మూసుకున్న తలుపుకి ఇంకోచోట తాళంచెవి దొరకడం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ఇక ఇప్పటి సంగతి. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది. మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్. దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా విడదీశారు. మన రెండు రాష్ట్రాలూ దక్షిణ ప్రాంతంలోకి వస్తాయి. ప్రమాణం ఎవరి మతగ్రంథం మీద వాళ్ళు చేస్తారు. దత్‌కి చెప్పిన మొదటి అభ్యంతరానికి జవాబు ఇప్పుడు లాడ్జి బల్ల మీదే ఉంటుంది: గీత, ఖురాను, బైబిలు, గురుగ్రంథం, అవెస్తా పక్కపక్కన.

చేరే పద్ధతి మావాడికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. మగవాడై, ఇరవై ఒకటి నిండి, దేవుడంటూ ఒకడున్నాడని నమ్మాలి. ఏ రూపంలో అన్నది అడగరు. నాస్తికుడికి చోటు లేదు. నడవడిక మీద మచ్చ ఉండకూడదు. తనంతట తానే అడగాలి. అడగనివాణ్ణి పిలవకూడదన్నది పాత ఆనవాయితీ. తెలిసిన మేసన్ ఉంటే ఆయన్ని అడగాలి, లేకపోతే గ్రాండ్ లాడ్జి కార్యాలయానికో దగ్గర్లోని లాడ్జికో రాయాలి. వాళ్ళు పిలిచి మాట్లాడతారు. ఒకసారితో కాదు, కొన్నాళ్ళు పరిచయం పెరగనిస్తారు. తర్వాత దరఖాస్తు. దాని మీద ఒక సభ్యుడు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. విచారణ చేస్తారు, ఇంట్లోవాళ్ళకి ఇష్టమేనా అని కూడా కనుక్కుంటారు. ఆపైన లాడ్జిలో రహస్య ఓటింగు. తెల్లగోళీ వేస్తే అవును, నల్లగోళీ వేస్తే కాదు. 1723 నాటి ఏకగ్రీవం కాస్త సడలింది. ఇంగ్లండు నియమంలో మూడు నల్లగోళీలు పడితే తిరస్కారం, ఇంకా తక్కువకే ఆపే లాడ్జిలూ ఉంటాయి. ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెప్పరు. ఇవన్నీ అయ్యాక చేరే రుసుము, ఏటా చందా. ఒక లాడ్జికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది, దాచిపెట్టేదేం కాదు, అడిగితే ముందే చెబుతారు. మొహం చూడకుండా ఫోన్‌లో డబ్బు అడిగేవాడు ఎవడైనా సరే మేసన్ కాదు.

అన్నీ విని తమ్ముడు ఒకటే అడిగాడు. "మరి మనకి తెలిసినవాళ్ళు ఎవరున్నారన్నా?"

ఇంత చరిత్ర చదివి నేను తేల్చుకున్నది వాడు ఒక్క ముక్కలో అడిగేశాడు. లాడ్జికి అసలు తాళం గుర్తుమాట కాదు, సిఫారసు. రంగు అడ్డం పోయింది, మతం అడ్డం పోయింది. 'ఇతను నాకు తెలుసు' అని చెప్పే మనిషి కావాలన్నది మాత్రం ఉండిపోయింది. దాన్ని తప్పు పట్టడం కూడా కష్టమే. కొత్తవాణ్ణి నమ్మడం అన్నది ఆ రాతిపని పాకలోనే మొదలైన చిక్కు, పరిచయం దానికి పాత మందు. కానీ తెలిసినవాళ్ళకి తెలిసేది తమలాంటివాళ్ళే. 1872 తర్వాత హిందువులకి తలుపు తెరుచుకుందంటే ఏ హిందువులకి? ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి, కచేరీల్లో కోర్టుల్లో దొరలతో పరిచయం ఉన్నవాళ్ళకి.

నా ఉద్యోగంలో దీనికి రిఫరల్ అని పేరు. ఖాళీ ఉందని అందరికీ కనపడేలా ప్రకటిస్తారు, లోపలున్నవాడు పేరు చెప్పినవాడి దరఖాస్తే ముందు తెరుస్తారు. ఇంజినీరింగ్ అయ్యి హైదరాబాదు వచ్చిన మొదటి ఏడాది నాకు ఆ పేరు చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు నేను ఏటా ఇద్దరు ముగ్గురి పేర్లు చెబుతున్నాను. వాళ్ళెవరా అని ఓ రోజు లెక్క చూసుకుంటే అందరూ నా కాలేజీవాళ్ళే, నా ప్రాంతంవాళ్ళే. నల్లగోళీ వెయ్యాలని నేనెప్పుడూ అనుకోలేదు. తెల్లగోళీలు ఎటు పడుతున్నాయో చూసుకోలేదంతే.

మర్నాడు తమ్ముడూ నేనూ బండి మీద మోటుపల్లి వెళ్ళాం. పెదగంజాం పక్కనే. ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. ఓడ గాలివానకి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాక్కోవడం అంతకుముందు మామూలు. ఇక మీదట అట్లా చెయ్యం, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో రాయించాడు. ఏ సరుకుకి ఎంత సుంకమో కూడా చెక్కించాడు. తర్వాత అద్దంకిని రాజధాని చేసుకున్న ప్రోలయ వేమారెడ్డి కాలంలో ఆ రేవు రెడ్ల చేతికి వచ్చింది. ఆయన కొడుకు అనపోతారెడ్డి 1358లో అక్కడే ఇంకో శాసనం వేయించాడు. పరదేశి వర్తకులు రావచ్చు, ఉంటామంటే భూమి ఇస్తాం, పోతామంటే ఆపం అన్నది దాని సారాంశం. తెలుగుతో పాటు తమిళంలోనూ చెక్కించారు, వచ్చేవాడికి అర్థం కావాలి కదా.

రేవు వేరు, లాడ్జి వేరు. రాజుకి కావలసింది సుంకం, లాడ్జికి కావలసింది నమ్మకం. ఆ రేవులో సరుకు లేనివాడికి ఎంత మర్యాద దొరికేదో కూడా ఆలోచించాల్సిందే. అయినా ఆ రాయి ముందు నిలబడితే ఒకటి అర్థమైంది. ఎవరి సిఫారసూ లేని కొత్తవాడికి, లోపలికి రావాలంటే షరతులేమిటో బయటే, వాడికి తెలిసిన భాషలో రాసిపెట్టడం మా నేలమీద ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటే జరిగింది.

తిరిగొచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర అడిగాను. "అసలు నీకెందుకురా ఇది?"

కాసేపు గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. "ఏం లేదన్నా. నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు గుంటూరు ఆస్పత్రిలో మూడు రోజులు తిరిగా. ఎవుడి పేరన్నా చెబితే పనయ్యేది. నాకు చెప్పుకోడానికి ఒక పేరు లేకపోయె."

మేసన్ల దరఖాస్తులో ఒక మాట ఉంటుంది: స్వలాభం ఆశించి చేరడం లేదని ప్రమాణపూర్వకంగా చెప్పాలి. మంచి నియమమే. కాకపోతే పేరు చెప్పుకోడానికి ఇప్పటికే పదిమంది ఉన్నవాడికి ఆ మాట చెప్పడం తేలిక. మావాడు నిజం చెబితే అక్కడే ఆగిపోతాడు.

హైదరాబాదు వచ్చాక ఒక లాడ్జి వాళ్ళకి ఉత్తరం రాయించాను, వాడి చేతే, వాడి పేరుతోనే, తెలుగులోనే. తెలిసినవాళ్ళు ఎవరూ లేరని మొదటి వాక్యంలోనే రాశాడు. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మా ఆఫీసులో ఈసారి రిఫరల్ ఫారం వచ్చినప్పుడు, నాకు అసలు పరిచయం లేని ఒక పిల్లవాడి దరఖాస్తు పూర్తిగా చదివి, రెండుసార్లు మాట్లాడి, వాడి పేరు రాశాను. 'ఇతను మీకు ఎట్లా తెలుసు?' అన్న గడి దగ్గర కాసేపు ఆగాల్సొచ్చింది. అడిగాడు కాబట్టి తెలుసుకున్నాను అని రాశాను.